నీళ్లు దిగుతలేవు

మూడుసార్లు కుయ్యిమని ఆగింది మిషను.
అద్దం వెనుక ఎర్రటి నీళ్లు.
నీళ్లల్ల మునిగి ఆయన అంగి
ఒక చెయ్యి మాత్రం పైకెత్తుకొని ఉన్నది
బడిల జవాబు తెలిసిన పోరని లెక్క.

మిర్చి సీజనుల ఎనుమాముల నుంచి వచ్చే బట్టలు
ఎట్లుంటయో పిండినోళ్లకే ఎరుక.
రాత్రంత అరచేతులు మండి
అప్పట్ల చంటిదాన్ని ఎత్తుకుందామన్నా భయమయ్యేది.
గందుకే కొన్నం దీన్ని,
హన్మకొండల బదిలైన సారు ఇల్లు ఖాళీ చేస్తుంటె
నాలుగువేల ఐదొందలకు.
ఆటోల దాని మెడ పట్టుకొని కూసున్న
జ్వరమొచ్చిన దూడను దవాఖానకు తోల్కపోయినట్టు.

యాకూబ్ ఫోన్ల దొరికిండు.
కాజీపేటల మూడిండ్లున్నయట, రేపు మాపటిదాంక రాలేడట.
"భయపడకక్కా, అడిగింది చెప్పు.
ప్లగ్గు తీసినవా?"
తీసిన.
"మళ్లొక్కపారి చూడు. అందరు తీసిన్ననే అంటరు."
చూసిన. తీయలే.

"గోడకాడ పైపు మడత పడ్డదా?"
లేదు.
"ఆగేముందు చప్పుడేమన్న చేసిందా?"
చేసింది. రెండు వారాలసంది చేస్తనే ఉన్నది,
గొంతుల చాపముల్లు ఇరికినోడు దగ్గినట్టు.
ఇన్నొద్దులు చెప్పకపోతివేందక్కా అన్నడు.
ఏం చెప్పాలె.
ఇంట్ల ఇదొక్కటే చప్పుడా.

రెండు వారాల కింద ఆయన హమాలీ బిళ్ళ పోయింది.
ఇత్తడిది, రూపాయంత, నెంబరు రెండొందల పదిహేడు.
సారయ్యే తీసిండన్నడు.
పదేండ్లసంది ఒకే బస్తాకు
ఆ దిక్కు కొక్కెం ఏసిన సారయ్య.
కాంటాకాడ, అందరి ముందల, అంగి గల్ల పట్టి అడిగిండట.
సారయ్య ఏమనలేదట.
గల్ల సదురుకొని పక్క వరుసల మూట ఎత్తుకున్నడట.
అప్పటిసంది మా ఇంట్ల రాజమొగిలి అనే మనిషి
అన్నం తింటడు, పంటడు, లేస్తడు.

"కింద కుడిదిక్కు చిన్న తలుపుంటది.
బిళ్ళపెట్టి లేపు. ముందుగాల తాంబాలం పెట్టు.
లోపటి మూత ఒక్కసారే తిప్పకు, ఇల్లంత ఆగమైతది.
కొంచెం ఇడువు, ఆపు. మళ్ల కొంచెం ఇడువు."
ఇడిచిన. ఆపిన. ఇడిచిన.
ఏడు తాంబాలాలు.
ఎనిమిదోది నిండక ముందే చెయ్యి జారింది,
షాబాదు బండల సందులు పట్టుకొని ఎర్రగ పారింది
మంచం కింది చెప్పులదాంక.

అప్పుడు వేలు పెట్టి తీసిన.
పిడికెడు మిర్చిగింజలు.
పిల్ల జడరబ్బరు.
గోనెసంచి కుట్టే దారం, ముద్దగట్టి.
రెండ్రూపాయల బిళ్ళ.
దాని కింద ఇంకో బిళ్ళ, పచ్చటిది,
మీద చిక్కటి సబ్బు మురికి.
కొంగుతోని తుడిస్తె
ముందు ఏడు కనబడ్డది. తర్వాత ఒకటి.

"ఏమొచ్చిందక్కా?"
మిర్చిగింజలు, అన్న.
"గవ్వే! గవ్వే పంకకు అడ్డం పడ్డయి.
మూత మంచిగ బిగించు. జేబులు చూసి వెయ్యాలె బట్టలు."
చూడాలె, అన్న.

మళ్ల తిరిగింది మిషను.
ఎడమకాలు కింద బండ కుంగింది కదా,
పిండే టైముల అడుగుతీసి అడుగేస్తది బయటికి.
ఎరువుల దుకాణం అట్ట నాలుగు మడతలు పెట్టి తోసిన.
నిలబడ్డది.

ఆయన తొమ్మిదిన్నరకు వచ్చిండు.
పళ్లెం పక్కన, ఉప్పుడబ్బ కాడ పెట్టిన.
చూసిండు. చాలాసేపు చూసిండు.
"యాడిది?"
నీ జేబులదే.
పప్పు చల్లారింది. కలుపుకోలేదు.
"సారయ్య ఇల్లు కరీమాబాదులనేనా ఇంక?"
పదేండ్లు నువ్వే పోయొచ్చినవు గదా, అన్న.

లేచిండు.
దండెం మీద రెండు పొడి అంగీలున్నయి.
మిషను మూత తీసి
ఆ తడిదాన్నే దులిపి ఏస్కొని
గుండీలు పెట్టుకుంట గడప దాటిండు.

నీళ్ల బొట్లు కొన్ని వాకిట్ల,
కొన్ని సైకిల్ స్టాండు కాడ.
నేను పాత చీర తెచ్చి
మంచం కింద ఇంక మిగిలింది తుడుస్తున్న.