లక్క ముద్ర

నమూనా సీసాలకు లక్క కరిగించడం నా ఉద్యోగం,
ముప్పై ఒక్క ఏళ్లు.
కురుపాం మార్కెట్టులో మిరపకోరు కంటే ముందు
మా జీపు వాసన షాపులకు తెలిసేది.
మేం దిగేసరికి సగం షట్టర్లు దించి ఉండేవి.

మూడు సీసాలు, మూడు ముడులు, ఇద్దరు పంచులు.
పాలైతే ఫార్మలిన్ చుక్కలు మేమే వేసేవాళ్లం,
కోర్టు దాకా విరక్కుండా బతకాలి కదా.
కల్తీ పాల కేసు అది.

కంచరపాలెంలో గానుగ అప్పలకొండమ్మ
నా మొహం కాదు, లక్క మంట వంక చూసి
"నా నూనిలో ఏటి కలిసిందో
ఆ ఎద్దునడగండి బాబూ" అంది.
నవ్వొచ్చింది, చెయ్యి వణికింది,
లక్క వేలిమీద పడింది.
మచ్చ ఇంకా ఉంది.

ఉత్తరాదిన ఎక్కడో కల్తీ నూనె తిని
కాళ్లు వాచి పోయారట జనం, ఆ ఏడు.
విడి నూనె అమ్మకూడదని ఢిల్లీ కాగితం
సోమవారం వచ్చింది.
మంగళవారం పొద్దున్నే ప్యాకెట్ల లారీ వచ్చింది.
ఏది ముందు బయల్దేరిందో
మా ఆఫీసులో ఎవరూ అడగలేదు.
గురువారానికి గానుగ ఆగింది.
ఎద్దుకి గంతలు విప్పారు గానీ
అది ఇంకా గుండ్రంగానే నడిచింది.

ఏటా వానాకాలం
పిల్లలు వాంతులతో కేజీహెచ్ వరండాలో పడుకునేవారు.
మేం రిపోర్టు రాసేవాళ్లం.
దానిమీద టీ గ్లాసు పెట్టేవారు.

తర్వాత ఒక రొయ్యల కంటైనరు
సముద్రం దాటి వెళ్లి, దాటి వచ్చేసింది.
వంద కోట్ల పాళ్లలో ఒక్క పాలు మందు దొరికిందట.
అసెంబ్లీ మూడు రోజులు అరిచింది.
చలువ గది, జర్మనీ మిషను, తెల్లకోట్ల కుర్రాళ్లు,
రిబ్బను కత్తిరించడానికి మంత్రి,
కత్తెర పళ్లెం పట్టుకుని ఎగుమతిదార్ల సంఘం.
జట్టీమీద తలలు ఒలిచే సూరాడ ఎల్లమ్మకి
ఆవేళే గ్లవ్స్ తొడిగారు.
చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుని
"ఇయ్యి నా సేతులు పాడవకుండానా,
రొయ్య పాడవకుండానా?" అంది.

ఇప్పుడు బీచ్ రోడ్డులో అద్దాల షాపు.
గానుగ నూనె, లీటరు ఐదొందల ఎనభై.
పద్నాలుగంకెల లైసెన్సు, సీసామీద ఎద్దు బొమ్మ.
గంతల్లేవు.

అన్నట్టు, ఆ వెనక్కొచ్చిన రొయ్యలకి
నమూనా తీయమని నాకెవరూ చెప్పలేదు.
ఆ ఆదివారం పూర్ణా మార్కెట్టులో
రొయ్య చవగ్గా దొరికింది.
నేనూ ఒక కేజీ తెచ్చాను.
మా ఆవిడ గోంగూర వేసింది.