మొదటి మేకు

మార్చి మూడో మంగళవారం,
స్నానశాల గుమ్మానికి నీలి తెర కట్టకముందే
గోడకున్న ఆరు మేకులు సరిచూస్తాను.
ఒకదాని కింద ఒకటి, కాస్త వంకరగా.
మా మామగారు కొట్టినవి.
ఆయన దేన్నీ తిన్నగా కొట్టలేదు.

చెప్పుల అరల పాత చెక్క తాళంచెవులు ఆరు,
వాటి మీద సిరాతో బేస్‌బాల్ జట్ల పేర్లు:
కొంగలు, సుత్తులు, ఉరుములు,
ఎర్రనక్కలు, కొండదొరలు,
చివరికి మా రేవు పీతలు.
అక్టోబరులో తేలే సంగతి
మార్చిలోనే తేల్చేయాలి వీళ్ళకి.
పందెం, అందరికీ తలో సీసా చల్లటి పాలు.

ఒంటి మీద ఆవిరి ఆరకుండానే
తువ్వాళ్ళు చుట్టుకుని వాదిస్తారు.
ఉత్తరాలు పంచే నెజు దగ్గర లెక్కలుంటాయి:
సుత్తుల ఎడంచేతి పిచ్చర్ మోచేతికి కుట్లు పడ్డాయి,
ఉరుముల క్యాచర్‌కి కవలలు పుట్టారు,
జూన్ దాకా వాడికి నిద్రుండదు.
వలలు అల్లే ఇగరషికి లెక్కలు పట్టవు.
ఆ ఏటి మొదటి చేప కడుపు కోసి
గుడ్ల రంగు చూసి చెబుతాడు.
పదేళ్ళ సగటు తీస్తే
ఇద్దరూ సమానంగా తప్పారు.
ఆ సగటు తీసింది నేనే.
ఎవరికీ చెప్పలేదు.

ఇక కురమోచి.
మంచుగడ్డల కార్ఖానాకి రెండు వేళ్ళిచ్చినవాడు.
పంతొమ్మిదేళ్ళుగా పీతల్ని
మొదటి మేకుకే తగిలించాడు.
"పీత పక్కకి నడుస్తుందయ్యా, పైకి కాదు" అనేవాళ్ళు.
"పీత కష్టాలు పీతవి" అనేవాడు.
పంతొమ్మిదేళ్ళూ పాలు పోయించాడు,
ఆవుకైనా అంత ఓపిక ఉండదు.

ఈ ఏడు ఆలస్యంగా వచ్చాడు.
వాదించలేదు.
పీతల చెక్కని మూడువేళ్ళ చేతిలో
కాసేపు తూచి
ఆరో మేకుకి తగిలించాడు.

కుళాయి చుక్కలు లెక్కపెట్టగలిగేంత నిశ్శబ్దం.
నెజు చెవి తుడుచుకోవడం సగంలో ఆపాడు.
"ఆస్పత్రికి వెళ్ళావా?" ఇగరషి అడిగాడు.
"వెళ్ళాను."
కొంచెం ఆగి,
"ఒక్కసారైనా సరిగ్గా చెప్పాలనుంది."

మే నెలలో పీతలు వరసగా పదకొండు ఓడారు.
జూలైలో, తమ బంతిని తామే వెతుక్కుంటూ
ఇద్దరు ఫీల్డర్లు తలలు గుద్దుకున్నారు.
కురమోచి జోస్యం ఫలిస్తోంది.
ఫలిస్తున్నకొద్దీ
అతని మొహం చూడలేకపోయాం.
మరిగే తొట్టి మానేసి, గోరువెచ్చని దాంట్లో
గడ్డందాకా మునిగి కూర్చునేవాడు,
తేలే భుజాలు మాకు కనిపించకుండా.

చివరి రోజు చివరి ఆట,
అడుగున సమానంగా ఉన్న ఇద్దరికీ:
పీతలకీ, కొండదొరలకీ.
ఓడినవాళ్ళది ఆరో మేకు.
నా ఎత్తు బల్ల మీద రేడియో.
మగవాళ్ళ వైపు ఒక్క చెంబు మోగలేదు.
ఆడవాళ్ళ వైపు షిజుయే
తలనిండా నురుగుతో అలాగే నిలబడింది.
తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్,
బ్యాటుకి వచ్చినవాడు పందొమ్మిదేళ్ళ బదిలీ కుర్రాడు,
ఏడాదంతా బెంచీ వేడెక్కించినవాడు.
బంతి గట్టిగా కూడా తగల్లేదట.
తొలి బేస్ సంచి అంచుకి తగిలి
ఎటో ఎగిరిపోయిందట.

గెలిచారు.
ఐదో స్థానం!

కప్పు గెలిచినా అంత అరుపు పుట్టదు.
గోరువెచ్చని తొట్టిలోంచి కురమోచి లేచాడు,
ఒంటి మీద నూలుపోగు లేదు, సిగ్గు అసలే లేదు.
"తప్పింది! మళ్ళీ తప్పింది నాది!"
ఆ ఎముకల గూట్లోంచి అంత గొంతు
ఎలా వచ్చిందో.

పాలు అతనే పోయించాడు, ఇరవయ్యోసారి.
షిజుయేకి తెర కిందినుంచి ఒక సీసా అందించాడు.
"మరి వచ్చే మార్చికి?" అన్నాడు నెజు,
అనకుండా ఉండాల్సింది.
కురమోచి పాలమీసం తుడుచుకుంటూ
గోడ మీద అన్నిటికన్నా పైకి చూశాడు.

ఆ మేకు వదులైంది.
ఇన్నేళ్ళూ దాని మీద బరువెక్కువ.
సుత్తి ఎక్కడ పెట్టానో
రేపు వెతకాలి.