నెత్తిన కొక్కెం ఉన్న అక్షరం

కరాష్‌యోక్‌లో డిసెంబరు పగలంటే ఒక నీలపు గంట.
అది అయిపోయాకే చేరాను,
ఆల్తా నుంచి, కాలర్లో మంచు, సంచిలో అరువు మానిటరు.
ఊరి బోర్డు మీద రెండు పేర్లు,
ఒకదాని నిండా తుపాకీ గుళ్ల బెజ్జాలు.

రెయిన్‌డీర్ల ఆఫీసులో, అల్మరా రెండో అర మీద
మూత మూసుకుని ఆరేళ్లుగా మేలుకున్న ల్యాప్‌టాప్.
తెర ఎప్పుడో పగిలింది.
ఇక ఎవరి ఒళ్లోనూ కూర్చోదు.
కడుపులో పదకొండు వేల చెవికోతలు:
ఈ గాటు ఫలానా ఇంటిది,
ఈ గాటూ దాని కింది చీలికా
ఆ ఇంటి చిన్నమ్మాయిది.
దూడ చెవి మీద కత్తి చేసిన సంతకాలు.

పైనుంచి కొత్త ఉత్తర్వు: ప్రతి యంత్రమూ
తానెవరో తన నోటితో చెప్పుకోవాలి.
అడిగాను. చెప్పింది.
పేరు కొంటోర్-02. జాతి ల్యాప్‌టాప్.
ఉండే చోటు ఖాళీ. చేసే పని ఖాళీ.

వెనక బెంచీ మీద యొవ్నా, డెబ్బైతొమ్మిదేళ్లు,
కాఫీలో చీజు ముక్కలు నానేసుకుంటూ చూస్తున్నాడు.
"ల్యాప్‌టాప్ అంటోందా?
స్లెడ్జి లాగేదాన్ని దూడ అంటే ఊరుకుంటామా?"
సర్వర్ అని దిద్దాను.

ఉండే చోటేదంటే
"చలికాలమా, వేసవా?" అన్నాడు.
నవ్వబోయి ఊరుకున్నాను.
ఏప్రిల్లో మంద సముద్రం వైపు కదులుతుంది,
ఆయన చిరునామా దాని వెనకే నడుస్తుంది.
ఈ గడికి మాత్రం రుతువులు తెలీవు.
"కిటికీ కింద అల్మరా, రెండో అర" అని రాశాను.
అల్మరా వలసపోదని ఆయనే హామీ ఇచ్చాడు.

పరీక్ష కోసమా, నిజం వాడకానికా?
"మొన్న శరత్తులో రెండిళ్లు కొట్టుకోకుండా ఆపింది ఇదే."
నిజం వాడకం.

ఇక మిగిలింది ముద్దుపేరు.
అసలు పేరు యంత్రాలు యంత్రాల్ని పిలుచుకోడానికి:
ఒంటి అక్షరాలు, అంకెలు, మధ్య ఓ అడ్డగీత,
అంతకుమించి మింగుడుపడదు దానికి.
నెట్‌వర్క్ అంటించే పేరొకటుంది,
దారినపోయే పేరు, వైరు పీకితే అదీ పోతుంది.
ముద్దుపేరొక్కటే మనుషుల కోసం.
అందులో ఏ అక్షరమైనా ఒదుగుతుంది,
మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడా.

యొవ్నా లేచొచ్చి మూత మీద దుమ్ము వేలితో తుడిచాడు.
ఒకప్పటి బూడిదరంగు ప్లాస్టిక్కు, వయసుకి పసుపెక్కింది.
"చువొయ్‌వత్," అన్నాడు.
బూడిదలో పసుపు కలిసిన జంతువుకి
వాళ్ల భాషలో ఒక్క మాట చాలు.
మొదటి అక్షరం నెత్తిన చిన్న కొక్కెం ఉంటుంది.
నేను అలవాటుగా
కొక్కెం లేకుండా కొట్టేశాను.

ఆయనేమీ అనలేదు. కప్పు కింద పెట్టాడు.
కాసేపటికి, హీటరుతో చెబుతున్నట్టు:
"బడిలో మా టీచరుకీ చెయ్యి తిరగలేదు.
డెబ్బై రెండేళ్లుగా కాగితాల్లో నేను యూహాన్ని."

ఆ కొక్కెం ఏ మీటల సందున ఉందో
వెతికి పట్టుకోడానికి నాలుగు నిమిషాలు పట్టింది.
నాలుగే.

మళ్లీ అడిగాను, నువ్వెవరని.
వైర్ల లోపల ఇంకా కొంటోర్-02 నే.
దాని కింది వరసలో మాత్రం
కొక్కెంతో సహా నిలబడి ఉంది పేరు.
ఆయన తెరకి ముక్కు ఆనించి చదివాడు,
ఒకసారి పెదవులతో, ఒకసారి గొంతుతో.

మానిటరు ఊడదీసి సంచిలో సర్దుతుంటే
నడుముకున్న కత్తి తీసి
మూత ఎడమ మూల ఒక గాటు పెట్టాడు, కింద ఒక చీలిక.
ప్లాస్టిక్కు కిర్రుమంది.
ఎవరి గుర్తిది, అన్నాను.
"వెతుక్కో," అన్నాడు కాఫీ అందుకుంటూ,
"అన్నీ దాని కడుపులోనేగా ఉన్నాయి."