మంగళవారం సగం టికెట్టు

జీలాంగ్‌లో మంగళవారం సినిమా సగం ధర.
చూపు లేని మనిషికి తోడొస్తే ఆ తోడుకి టికెట్టే లేదు.
అంటే ఇద్దరికీ కలిపి పావు ధరేనంటుంది రత్నమణి,
ఒకప్పుడు లెక్కల టీచరు.

కళ్ళు నావి. జీతం ఒక పెద్ద పాప్‌కార్న్ డబ్బా,
అందులోనూ సగం ఆవిడే తింటుంది.

ఈ వారం బొమ్మ మొదలైన నాలుగో నిమిషానికే
హాలంతా గొల్లుమంది.
"ఏమైందే?"
"ప్యాంటు ఊడింది."
"ఎవరిది?"
"లావుపాటోడిది."
"లోపల?"
"రత్నం!"
"టికెట్టు కొన్నది నేను. సాంతం చెప్పు."

చెప్పాను.
ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో నర్సుని, చూడనిదేముంది,
కానీ చూడ్డం వేరు, నోటితో అనడం వేరు.
ఆ మాటలన్నీ మా మేనత్త దగ్గర ఉండేవి,
పెళ్ళిళ్ళలో, ఆడవాళ్ళే మిగిలిన వంటింట్లో
తమలపాకులతో పాటు పంచిపెట్టేది.
నాకిచ్చిన వాటా ఇన్నాళ్ళకి విప్పాను.

కథంటారా, ఇద్దరు స్నేహితులు.
ఒకడు గున్న ఏనుగు, ఒకడు చీపురుపుల్ల.
పేరుమోసిన ఆంబోతు వీర్యం ఫ్లాస్కులో పెట్టుకుని
పాత లారీలో ఆలిస్ స్ప్రింగ్స్‌కి బయల్దేరతారు.
దారిలో తెల్లవారుజామున, నిద్రమత్తులో,
లావుపాటోడు కాఫీలోకి పాలనుకుని...

"ఆగు," అంది రత్నమణి. "నన్ను ఊహించుకోనీ."
ఊహించుకుంది.
మా వరస కుర్చీలన్నీ కదిలాయి.
మెరుపు హాలుది,
ఉరుము ఆవిడది, కాస్త ఆలస్యంగా.

ఇక్కడెవరికి అర్థమవుతుందిలే అని నేనూ గొంతు పెంచాను.
"ఇన్నాళ్ళూ తిట్టుగా విన్నాం గానీ
అచ్చోసిన ఆంబోతంటే వీడేనే,
లోపలికి పోయింది వంటబట్టినట్టే ఉంది!"
వెనక వరసలో ఎవరో
తెరమీద ఏమీ లేనప్పుడు పగలబడి నవ్వారు.
నాకు ముచ్చెమటలు. తల తిప్పలేదు.

తర్వాత ఒక లాడ్జి గది.
చీపురుపుల్లకి చేతులు వణికే జబ్బని
అప్పటిదాకా మనకి తెలీదు.
లావుపాటోడు వాడికి గడ్డం గీస్తున్నాడు.
మాటల్లేవు, సంగీతం లేదు.
గంటన్నరసేపు బట్టల్లేకుండా గెంతిన మనిషే
నురగ తీస్తూ తీస్తూ దవడ దగ్గర ఆగాడు.
ఆ మొహాన్ని ఏమని చెప్పను?
ఏదో బూతు జోకు వెయ్యబోయాడు,
అది పెదవి దాకా వచ్చి
వెనక్కి వెళ్ళడం కనిపించింది.
"రత్నం, ఇప్పుడతను..."
మోచేతి మీద ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి.
"చెప్పకు. కత్తి చప్పుడు ఆగింది.
వాడి ఊపిరీ ఆగింది. విన్నాలే."
కాసేపు పాప్‌కార్న్ కూడా ఎవరూ ముట్టలేదు.

ఫ్లాస్కు చేరిందో లేదో చెప్పను,
మీరు చూడబోతారేమో.

బయట సముద్రపు గాలి ఈడ్చికొడుతోంది.
బస్టాపులో, డెలివరీ కోటు వేసుకున్న పిల్లాడొకడు
దగ్గరికొచ్చి, గొంతు సవరించుకుని,
అచ్చమైన కాకినాడ యాసలో:
"ఆంటీ, వచ్చే మంగళవారం ఏ సినిమాకండీ?"
నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.
రత్నమణి మాత్రం గొంతొచ్చిన వైపు తిరిగి
"మా వెనక వరసే కొనుక్కో బాబూ,
ముందు వరసకైతే ఉమ్ము తుంపర్లు పడతాయి" అంది.

శనివారం శనివారం
ఆవిడ గడ్డం కింద మొలిచే మూడు వెంట్రుకలు
పట్టకారుతో పీకేది నేనే.
ఆ సంగతి హాల్లో ఇద్దరం అనుకోలేదు.
బస్సులో, లైట్లు సగం ఆర్పేశాక,
ఏదీ అడక్కుండా గడ్డం పైకెత్తింది.
నాకూ ఏమీ కనపడలేదు.
వేలితో తడిమి చూసి
"నాలుగు" అన్నాను.