ఎర్ర పెన్సిల్

కువోపియో ఆసుపత్రి, మూడో అంతస్తు.
కిటికీ అవతల సరస్సు గడ్డకడుతున్న చప్పుడు,
ఎవరో దూరంగా ఇనుప తీగ మీద కొట్టినట్టు.
లోపల నాలుగో పెట్టెలో
నెలలు నిండని బిడ్డ. ఇంకా పేరు పెట్టలేదు.
ముప్పై వారాలు. కిలో రెండొందలు.
అరచేతిలో ఇమిడే తలకి
ఎనిమిది తీగలు అంటించాను, ఊపిరి బిగబట్టి.

తెర మీద గీత పాకుతుంది. ఏమీ లేదు. ఏమీ లేదు.
పది లెక్కపెట్టేంత సేపు ఏమీ లేదు.
అంతలో ఒక్కసారిగా పొంగు.
పాలు పొంగినట్టు పొంగి, చప్పున చల్లారి,
మళ్ళీ ఏమీ లేదు.
మొదటిసారి చూసినవాళ్ళు యంత్రం పాడైందనుకుంటారు.

నేనిక్కడికి వచ్చిన కొత్తలో
లెంపి నా చేతికి ఎర్ర పెన్సిలిచ్చి చెప్పింది:
"ఇర్యా, బిడ్డ కదిలిన చోటల్లా కొట్టెయ్.
అది మెదడు కాదు, ఒట్టి కుదుపు."
కొట్టేశాను.
ముప్పై ఒక్క ఏళ్ళు.
బొటనవేలు అదిరితే కొట్టేశాను,
పెదవి వణికితే కొట్టేశాను,
నిద్రలో మోచేయి ఎగిరితే
రెండు గీతలు గీసి మరీ కొట్టేశాను.
ఆ కాగితాల చుట్టలు నేలమాళిగలో,
తాళంచెవి పోయిన బీరువాలో ఉన్నాయి.

ఈ రాత్రి కొత్త డాక్టరు ఊనా
నా భుజం వెనక నించుని తెర మీద వేలు పెట్టింది.
"చూడు, ముందు చేయి. తర్వాత అల."
నిజమే. ముందు చేయి.
నిద్రలో తనంత తానే అదిరింది,
ఆ కబురు లోపలికి పోయింది,
ఎవరో తలుపు తీసినట్టు అల లేచింది.

ఎలుక పిల్లల్లో ఇంకా లోతుకి వెళ్ళి చూశారట.
జ్ఞాపకాలు ఉండబోయే మూలదాకా పోతుందట ఆ అదురు.
ఉండబోయే. ఇంకా ఏమీ లేవక్కడ.
దాచడానికి ఒక్క సామానూ రాకముందే
అరలు కొడుతున్న సుత్తి చప్పుడు.
ఏ కణం ఏ కణంతో కలిసి ఉలిక్కిపడిందో
వాటి మధ్య పోగు గట్టిపడుతుంది.
పలకరింపు లేని పోగు ఎండి రాలిపోతుంది.

"మరి నేను కొట్టేసినవి?" అడిగాను.
ఊనా జవాబు చెప్పలేదు. కాఫీ తెస్తానని వెళ్ళింది.

పొద్దున హెల్యా వస్తుంది, తల్లి.
చొక్కా గుండీలు విప్పి గుండె మీద పడుకోబెట్టుకుంటుంది.
ఈ గదిని ఈ బిడ్డ గుర్తుపెట్టుకోదు.
నన్నూ, తీగల జిగురునీ, సరస్సునీ, ఏదీ.
గుర్తుపెట్టుకోవడం ఎలాగో మాత్రం
ఇక్కడే మొదలుపెట్టింది, నిద్రలో.

నాలుగూ పదిహేడు. చిటికెనవేలు అదిరింది.
అలవాటుగా నా చేయి జేబులోకి వెళ్ళింది.
నోటుపుస్తకంలో టైము రాశాను,
ఎర్రగానే.