వెనక దుంపలు

కోవాతెపెక్‌లో వాన కురవదు, నానుతుంది.
చిపిచిపి అంటాం దాన్ని.
ఆ తడికే కుట్టుమిషన్లు తుప్పు పడతాయి,
ఆ తడికే గోడల మీద ఆర్కిడ్లు వేళ్ళు చాస్తాయి.
మొదటిది నాకు కూడు, రెండోది నాకు రోగం.

దోన్యా ఎవుస్తోలియా ఇంటికి మొదటిసారి వెళ్ళింది
తొక్కుడు మిషన్‌కి తోలుపట్టీ మార్చడానికి.
మిషన్ కనబడితే గదా!
దాని మీద కాఫీ సీసాలు, మందు సీసాలు, మూత లేని కెటిల్,
అన్నిట్లో నీళ్ళు, నీళ్ళలో కొమ్మలు,
కొమ్మల చివర ఎలుకపిల్లల తోకల్లా తెల్లటి వేళ్ళు.
తడి ఇసుక పళ్ళెంలో ఒక బెగోనియా ఆకు,
ఈనెలు తెగ్గోసి, జడపిన్నులతో అదిమిపెట్టి.
"ఆకుకి కూడా పిల్లలు పుడతారా?"
"కోసిన చోటల్లా" అంది.

ఒక్క జెరేనియం కొమ్మ ఇస్తారా అన్నాను.
"అడిగిన కొమ్మ బతకదు.
థాంక్స్ చెప్పిన కొమ్మ అసలే బతకదు"
అని, పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి నడిచింది.
పొయ్యి వెలిగించనే లేదు. ఇద్దరికీ తెలుసు.

ఊరంతా అలాగే దొంగిలించింది ఆమె దగ్గర.
రొట్టెల కుర్రాడు, పోస్టు మనిషి,
ఫాదర్ అనాస్తాసియో కూడా, అంగీ చేతిలో ఫ్యూషియా దాచుకుని.
పాపం, ఆయనది కుళ్ళింది.
వెళ్తూ వెళ్తూ దీవించాడట.

నాది తొమ్మిదో రోజుకి వేరు పోసింది.

కానీ నారింజ చెట్టుకి అతుక్కున్న ఆ లేలియా,
పోయినవాళ్ళ పండక్కి ఊదాగా విచ్చేది,
గిల్లితే రాదు, విరిస్తే దక్కదు.
దానికి కత్తి కావాలి, నిప్పు కావాలి,
ఎదురుగా యజమాని కావాలి.
నాలుగేళ్ళు ఆ ఇంట్లో పట్టీలు మార్చాను, నూనె వేశాను,
చూపు మాత్రం కిటికీ అవతలే.

ఒక మార్చి పొద్దున తనే పిలిచింది.
కత్తిని మంటలో అటూ ఇటూ తిప్పింది.
ఆ మొక్క నడుస్తుంది, ఏటికొక దుంప ముందుకి;
వెనకవి ఆకులు రాల్చుకుని, ముడతలు పడి,
ఎండుపొర కప్పుకుని కూర్చుంటాయి.
ఆ వెనకవే మూడు కోసి, గాటుకి దాల్చినచెక్క పొడి అద్ది,
కాగితంలో చుట్టి, "నీ కూలి" అంది.

పెళ్ళికి పిలిచి ఎంగిలాకు చేతికిచ్చినట్టనిపించింది.
మాట్లాడకుండా వచ్చేశాను.
థాంక్స్ చెప్పలేదు. అదే దాన్ని కాపాడిందేమో.

పాత మేజోడు చీల్చి ఓక్ బెరడుకి కట్టాను,
షాపు వెనక వేలాడదీశాను,
మరిచిపోయానని అందరికీ చెప్పాను.
రోజూ బొటనవేలితో నొక్కేవాణ్ణి:
గట్టిగా ఉందా, మెత్తబడిందా.
పదకొండు నెలలు ఏమీ లేదు.
తర్వాత ఒక రోజు, పొర కింద,
కొర్రగింజంత పచ్చన.

నాలుగో నవంబరుకి రెండు పూలు.
ఆ ఏడే ఉత్తరపు గాలికి నారింజ చెట్టు కూలింది.
ఆమె తుంటి విరిగి హలాపా ఆస్పత్రిలో ఉంది.
తిరిగొచ్చేసరికి లేలియా మట్టిలో పడి
నల్లటి జావ.

చేతికర్ర, చేతిసంచీ, షాపు గుమ్మంలో ఆమె.
"పట్టీ కీచుమంటోంది" అంది.
మిషన్ తేలేదు. దూడంత బరువు దాన్ని ఎలా తెస్తుంది?
చూపు నా భుజం మీదుగా వెనక తలుపు వైపు.

"పాలు పొంగుతున్నాయి" అన్నాను, లేచాను.
నా షాపులో పొయ్యే లేదు.
గోడవైపు తిరిగి, ఇంకా చింపని అక్టోబరు కాగితంలో
పునీతుల పేర్లు ఒక్కొక్కటీ చదివాను.
వెనక అగ్గిపుల్ల గీసిన చప్పుడు.
కాసేపటికి దాల్చినచెక్క వాసన.
ఆ తర్వాత కర్ర, గుమ్మం దిగి, మెల్లగా.

వెళ్ళి చూశాను.
ముందు భాగం, కొత్త దుంపలూ రెండు పూలూ,
మొత్తం కోసుకుపోయింది.
నాకు మళ్ళీ వెనకవే.

బొటనవేలితో నొక్కాను.
గట్టిగానే ఉన్నాయి.