ఇతరములు

మూడులాంతర్ల దగ్గర, పొద్దున్న ఆరింటికి
నాకిచ్చినవి ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక అట్ట, నాలుగు పెన్సిళ్లు.
దాటిన ప్రతిదానికీ ఒక గీత.
నాలుగు నిలువు గీతల మీదుగా అయిదోది అడ్డంగా,
గోడ మీద అమ్మ బొగ్గుతో గీసిన పాల పద్దులాగే.

ఊళ్లోకి ట్రాము వస్తుందట.
స్టేషన్ నుంచి గంటస్తంభం, అక్కణ్ణుంచి కోట,
కోట చుట్టి బాలాజీ జంక్షన్.
వస్తే ఎందరెక్కుతారో
నా గీతలు చెప్పాలట.

కాగితం నిండా గళ్లు:
బండి, ఆటో, కారు, బస్సు, లారీ, సైకిలు.
ఆ చివర, గోరంత వెడల్పున,
ఇతరములు.

ఏడున్నరకి సూరప్పడి ఆటో మూడోసారి దాటింది.
ముగ్గురి సీట్లో ఏడుగురు,
డ్రైవరుకి అటొకడు ఇటొకడు.
ఎందరున్నా ఆటోకి ఒకటే గీత.
"నన్నూ రాసేసినావేటి?"
రాశానన్నాను.
"నా పొట్ట కొట్టే రైలుకి నాసేతే లెక్క సెప్పిస్తన్నావన్నమాట."
నవ్వాడు. ఎటు మొగ్గిన నవ్వో తెలీలేదు.
"నాలుగో ట్రిప్పు రాయకు మరి. బాకీ ఉంచు."

తోటకూర గంపతో పోలమ్మ ఆగింది.
"నాకూ ఓ గీత గియ్యి గుంటా, నానెక్కుతాను.
గంపకి టిక్కెట్టుంటాదా, నేదా?"
వెతికాను.
గంపకి గడి లేదు.
నడిచేవాళ్లకే లేదు.

తొమ్మిదయ్యేసరికి ఇతరములు నిండిపోయి
గీతలు మార్జిన్‌లోకి దిగాయి,
మార్జిన్ అయిపోతే అట్ట మీదకి.

మొన్న శనివారం, ఈ కాగితాల కోసం వెళ్లినప్పుడు
ఆఫీసులో బల్ల మీద ఊరంతా పరిచి ఉంది.
డీఈ గారి ఎర్ర పెన్సిలు గంటస్తంభం దగ్గర ఆగింది.
మలుపుకి ఇరవై అయిదు మీటర్లు కావాలి,
ఉన్నది పధ్నాలుగు.
టేపు పట్టే గౌరయ్య తలుపు దగ్గర నుంచే అడిగాడు:
"పైన కరెంటు తీగ ఎంతెత్తు బాబూ?"
"ఆరు మీటర్లు."
గౌరయ్య సీలింగు కేసి చూశాడు,
సీలింగుకి అవతల ఇంకెక్కడికో.
"మరి సిరిమానో?"

ఫాను తిరుగుతోంది.
ఎవరూ ఏమీ అనలేదు.
కాసేపటికి డీఈ గారు మ్యాపు అంచున
చీమల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు:
ఏడాదికొక మంగళవారము తీగ విప్పవలెను.

సాయంత్రం సూపర్వైజరు నా మొత్తాలు చూసి తల పట్టుకున్నాడు.
ఇతరములు రెండువేల నాలుగొందల పదకొండు.
"తప్పు కూడావమ్మా."
మళ్లీ కూడాను.
రెండువేల నాలుగొందల పన్నెండొచ్చింది.

కుర్చీ అప్పజెప్పి ఇంటికి బయల్దేరాను, నడిచే.
రోడ్డు దాటుతూ వెనక్కి చూస్తే
రెండో పూట కుర్రాడు ఫోన్లో మునిగున్నాడు,
పెన్సిలు చెవి మీద.

బజ్జీల బండి దగ్గర కాసేపు నిలబడ్డాను.
అతను తలెత్తాక
వెనక్కెళ్లి
మళ్లీ దాటాను.